చుక్కాని బరువెక్కితే తీగల దగ్గరికి వెళ్లాలి: చిన్న తెరచాప పడవను సరిచేసిన అనుభవం

గాలి ఎడమ నుంచి వస్తుంటే టిల్లర్‌ను (చుక్కానిని తిప్పే కర్రను) రెండు చేతులతో లాక్కుని కూర్చోవాలి. కుడి నుంచి వస్తే రెండు వేళ్లతో పట్టుకున్నా చాలు. పడవ అదే, తెరచాపలు అవే, గాలి వేగమూ అంతే. ఇలా వైపు మారగానే నడక మారిపోయే పడవలో ముందుగా తెరచాపలను అనుమానించకూడదు, స్తంభాన్ని నిలబెట్టే తీగలను చూడాలి. వాటిని కొలిచి, బిగించి, నీళ్లమీద పరీక్షించి సరిచేసిన క్రమమే ఇది. మొత్తం రెండు రోజుల పని. అందులో రెంచి పట్టుకున్న సమయం తక్కువ, కొలత టేపు పట్టుకున్న సమయం ఎక్కువ.

పడవ పొడవు 6 మీటర్లు. స్తంభం వెనక పెద్ద తెరచాప, ముందు జిబ్ అనే చిన్న తెరచాప. అల్యూమినియం స్తంభం డెక్ మీదే నిలబడుతుంది, డెక్ నుంచి ఎత్తు 7.2 మీటర్లు. ముందు కొసకు దిగే ఫోర్‌స్టే అనే తీగ 6.2 మీటర్ల ఎత్తులో తగులుకుని ఉంటుంది. అదే ఎత్తు నుంచి రెండు పక్కలకూ దిగే తీగలు పై ష్రౌడ్‌లు, స్ప్రెడర్ల (పై ష్రౌడ్‌లను స్తంభానికి దూరంగా తోసిపట్టే అడ్డకడ్డీల) మొదట్లోంచి దిగేవి కింది ష్రౌడ్‌లు. స్ప్రెడర్లు ఒక్క జతే, కొద్దిగా వెనక్కి వాలి ఉంటాయి. స్తంభం తల నుంచి పడవ వెనక కొసకు బ్యాక్‌స్టే. ష్రౌడ్‌లన్నీ 4 మి.మీ. స్టెయిన్‌లెస్ తీగ, 1×19 రకం, అంటే 19 గట్టి పోగులను కలిపి పేనినది.

ఏ స్క్రూనీ ముట్టుకోకముందే ఉన్న స్థితిని రాసిపెట్టుకున్నాను. ఇది లేకపోతే మధ్యలో దారి తప్పినప్పుడు వెనక్కి రావడానికి ఆధారం ఉండదు. ప్రతి టర్న్‌బకిల్‌లో (తీగను బిగించడానికి, వదలడానికి తిప్పే మరల బిగింపులో) పైనా కిందా ఎన్ని మరలు బయటికి కనిపిస్తున్నాయో లెక్కపెట్టి, వెర్నియర్ కాలిపర్‌తో రెండు కొసల మధ్య దూరం కొలిచాను. టిల్లర్ పడవ మధ్యగీత వెంట నేరుగా ఉన్నప్పుడు దాని కొస ఎక్కడ ఉంటుందో డెక్ మీద టేపు అంటించి గీత పెట్టాను. టిల్లర్ పొడవు 900 మి.మీ., కాబట్టి కొస ఆ గీత నుంచి 60 మి.మీ. జరిగితే చుక్కాని దాదాపు 4 డిగ్రీలు తిరిగినట్టు. 10 నుంచి 12 నాట్ల (గంటకు సుమారు 18 నుంచి 22 కి.మీ.) గాలిలో గాలికి ఎదురెక్కుతూ చూస్తే, గాలి ఎడమ నుంచి ఉన్నప్పుడు కొస 155 మి.మీ. జరిగి ఉంది, అంటే 10 డిగ్రీలు. కుడి నుంచి ఉన్నప్పుడు 70 మి.మీ. పడవ గాలివైపు తిరగబోయే ఈ ఈడ్పు మూడు నాలుగు డిగ్రీలైతే మంచిదే. చేయి జారితే పడవ తనంతట తానే గాలివైపు తిరిగి ఆగుతుంది, చుక్కాని కూడా కొంత నీటిని నెట్టి పడవ పక్కకు కొట్టుకుపోకుండా ఆపుతుంది. 10 డిగ్రీలైతే మాత్రం ఆ చుక్కాని బ్రేకు లాగే పనిచేస్తుంది.

తర్వాత తీగల ఆరోగ్యం. బలహీనమైన తీగను బిగించడం ప్రమాదం కనుక ఈ మెట్టు దాటకూడదు. పాత నూలు గుడ్డను తీగ చుట్టూ పట్టుకుని పైనుంచి కిందికి నెమ్మదిగా లాగితే, పోగు తెగినచోట గుడ్డ దారం చిక్కుకుంటుంది. చేత్తో తడమకండి, తెగిన పోగు సూదిలా దిగుతుంది. తీగ కొసను గొట్టంలో నొక్కి బిగించినచోట మరింత శ్రద్ధగా చూడాలి. కింది కొసల్లో గొట్టంలోకి ఉప్పు నీరు దిగి నిలుస్తుంది, లోపలే తినేస్తుంది. గొట్టం మీద నిలువు చీలిక కనిపించినా, ఒక్క పోగు తెగినా ఆ తీగ మార్చాల్సిందే. అక్కడ సర్దుబాటు మాటే లేదు. తుప్పు చార మాత్రమే ఉంటే తుడిచి, భూతద్దంతో చూసి నిర్ణయించవచ్చు. డెక్‌కు ఇరువైపులా ష్రౌడ్‌లు పట్టుకునే పలకలు, వాటి బోల్టులు, స్తంభం అడుగు కూర్చునే చోటు కూడా ఇప్పుడే చూశాను.

మొదటి లోపం స్ప్రెడర్లలో దొరికింది. కుడి స్ప్రెడర్ కొస ఎడమదానికంటే 30 మి.మీ. కిందికి జారి ఉంది. స్ప్రెడర్ కొస దగ్గర పై తీగతోనూ కింది తీగతోనూ ఒకే కోణం చేయాలి, అంటే ఆ రెండు తీగల మధ్య కోణాన్ని సరిగ్గా సగం చేయాలి. అలా ఉంటే తీగ నొక్కుడంతా స్ప్రెడర్ పొడవునా నేరుగా స్తంభంలోకి పోతుంది. కొస కిందికి వాలితే ఆ నొక్కుడు దాన్ని ఇంకా కిందికి తోస్తుంది. బలమైన గాలిలో స్ప్రెడర్ మడిచిపోతే స్తంభం మధ్యలో విరగడం ఖాయం. స్తంభం దించి, రెండు కొసలనూ ఒకే ఎత్తుకు తెచ్చి, సన్నని స్టెయిన్‌లెస్ తీగతో ష్రౌడ్‌కు కట్టి కదలకుండా చేశాను. స్తంభం ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ తలమీద కరెంటు తీగలు లేని చోటే ఎంచుకోవాలి. అల్యూమినియం స్తంభానికి కరెంటు తగిలితే పట్టుకున్నవాళ్లు బతకరు.

ఇక స్తంభం నిటారుగా ఉందా లేదా. ఈ పని పడవ నీళ్లలో తేలుతున్నప్పుడే చేయాలి. ట్రైలర్ మీద ఉన్నప్పుడు అడుగు రెండు మూడుచోట్ల మాత్రమే ఆనుతుంది కనుక ఒడలి ఆకారమే కొద్దిగా మారుతుంది, అక్కడి బిగింపు నీళ్లలో అలాగే ఉండదు. ముందుగా ముందు కొస నుంచి ఎడమ, కుడి ష్రౌడ్ పలకలకు దూరాలు కొలిచి అవి సమానమేనని నిర్ధారించుకున్నాను. తేడా 3 మి.మీ.లోపే ఉంది. పలకలే సమానంగా లేకపోతే తర్వాతి కొలతలన్నీ అబద్ధం చెబుతాయి. ఆపైన పెద్ద తెరచాపను ఎత్తే తాడుకు స్టీలు టేపు కొస కట్టి పైకి పంపి, తాడును కదలకుండా బిగించి, టేపును ఒక్కో పలక దగ్గరికి ఒకే బలంతో లాగి చదివాను. కుడివైపు కొలత ఎడమకంటే 22 మి.మీ. తక్కువ వచ్చింది. రెండోసారి కొలిచినా అదే.

22 మి.మీ. చిన్న సంఖ్యలా కనిపిస్తుంది గానీ తీగ నిటారుకు దగ్గరగా, పలక మధ్యగీతకు దగ్గరగా ఉండటం వల్ల అది పైన చాలా రెట్లు అవుతుంది. స్తంభం మధ్యగీత నుంచి పలక 1.1 మీటర్ల దూరంలో ఉంది. లెక్క వేస్తే స్తంభం తల కుడివైపుకు సుమారు 70 మి.మీ. వాలి ఉంది. గాలి ఎడమ నుంచి వస్తే పడవ కుడికి ఒరుగుతుంది. తెరచాపల బలం పనిచేసే చోటు అప్పటికే కుడికి ఉండటంతో అది ఒడలి నుంచి మరింత బయటికి పోయి, ముక్కును గాలివైపు తిప్పుతుంది. ఒకవైపే చుక్కాని బరువెక్కడానికి సగం కారణం అక్కడ బయటపడింది.

టర్న్‌బకిల్ లెక్క ఇక్కడ పనికొస్తుంది. దాని రెండు కొసల మరలూ ఎదురెదురు దిశల్లో ఉంటాయి కనుక ఒక పూర్తి చుట్టుకు పొడవు పక్కపక్క మరల మధ్య దూరానికి రెండింతలు మారుతుంది. ఇక్కడి పావు అంగుళం సన్న మరల టర్న్‌బకిల్ ఒక చుట్టుకు 1.8 మి.మీ. మారుతుంది. రెండు పక్కలా 11 మి.మీ. చొప్పున కావాలి, అంటే కుడివైపు 6 చుట్లు వదలాలి, ఎడమవైపు 6 చుట్లు బిగించాలి. ఒకేసారి కాదు. ముందు కుడి ఒక చుట్టు వదిలి, తర్వాత ఎడమ ఒక చుట్టు బిగించి, అలా ఆరుసార్లు. తిరిగి కొలిస్తే తేడా 2 మి.మీ. అయింది. అంతకంటే దగ్గరికి తేవాలని ప్రయత్నించడం వ్యర్థం, టేపు చదవడంలోనే అంత తేడా వస్తుంది.

టర్న్‌బకిల్ తిప్పేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, మరలకు ముందే లానోలిన్ గ్రీజు రాయాలి. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ పొడిగా, బరువు కింద రుద్దుకుంటే మరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఆపైన కోసి పారేయడమే మిగులుతుంది. తిప్పుతుంటే బిగువు ఒక్కసారిగా పెరిగినట్టు అనిపిస్తే ఆపి, వెనక్కి వదిలి, శుభ్రం చేసి మళ్లీ గ్రీజు పెట్టాలి. రెండోది, నడిమి భాగాన్ని తిప్పుతూ పై కొసను మరో రెంచితో కదలకుండా పట్టుకోవాలి. పట్టుకోకపోతే తీగ మెలిపడి, దాని పేనిక ఒకవైపు వదులై మరోవైపు బిగిసిపోతుంది. ఆ తీగ తర్వాత ఏ కొలతకూ నిలవదు.

బిగింపు ఎంత? చాలామంది తీగను వేలితో మీటి, చప్పుడు విని చెబుతారు. రెండు పక్కలూ సమానమో కాదో తెలుసుకోవడానికి అది కొంత పనికొస్తుందేమో గానీ ఎంత బిగువో చెప్పదు. తీగ బిగువు కొలిచే లూస్ గేజ్ ఉంటే మంచిదే. లేకపోయినా రెండు మీటర్ల కొలబద్దతో కచ్చితంగా కొలవచ్చు. 1×19 స్టెయిన్‌లెస్ తీగ రెండు మీటర్ల పొడవులో 1 మి.మీ. సాగితే, అది తెగే బరువులో 5 శాతం బిగువు మీద ఉన్నట్టు. తీగ లావుతో సంబంధం లేదు, అందుకే ఈ పద్ధతి అంటే నాకు ఇష్టం. తీగ చేత్తో బిగించినంత మాత్రమే ఉన్నప్పుడు కొలబద్ద పై కొసను తీగకు గట్టిగా టేపు చుట్టి కట్టాను. కింది కొస తీగ గొట్టానికి పైన వేలాడుతూ ఉంటుంది. ఆ కొసకూ గొట్టం పైఅంచుకూ మధ్య దూరాన్ని కాలిపర్‌తో చదివాను. బిగిస్తున్నకొద్దీ ఆ దూరం పెరుగుతుంది, పెరిగినంతే తీగ సాగినట్టు.

బ్యాక్‌స్టే వదులుగా ఉంచి, పై ష్రౌడ్‌లను రెండు పక్కలా ఒక్కో చుట్టు మార్చి మార్చి బిగిస్తూ 3 మి.మీ.కు తెచ్చాను, అంటే 15 శాతం. 4 మి.మీ. తీగకు అది దాదాపు 200 కిలోల లాగుడు. కాగితం మీద లెక్కవేస్తే ఐదు చుట్లు చాలాలి. నిజానికి ఎనిమిది పట్టాయి. తీగ సాగడం ఒక్కటే కాదు, స్తంభం కొద్దిగా వంగుతుంది, ఒడలి అంచులు లోపలికి నొక్కుకుంటాయి, స్ప్రెడర్లు సర్దుకుంటాయి. అందుకే చుట్ల లెక్కతో బిగువు చెప్పేవాళ్లను నమ్మకూడదు. రెండు పక్కలూ సమానంగా కదిపామో లేదో చూసుకోవడానికే చుట్లు, బిగువు తెలియాలంటే సాగుడే కొలవాలి.

స్ప్రెడర్లు వెనక్కి వాలి ఉన్న పడవల్లో పై ష్రౌడ్‌లు బిగిస్తే స్ప్రెడర్లు స్తంభం నడుమును ముందుకు తోస్తాయి, స్తంభం విల్లులా వంగుతుంది. పెద్ద తెరచాప తాడును స్తంభం అడుగుకు ఆనించి బిగించి పట్టుకుని, స్ప్రెడర్ల ఎత్తులో తాడుకూ స్తంభానికీ మధ్య సందు చూస్తే ఆ వంపు తెలుస్తుంది. 45 మి.మీ. వచ్చింది. ఈ తెరచాపకు అది ఎక్కువ. తెరచాప ఎత్తగానే స్తంభం నడుము నుంచి వెనక కింది కొసవైపు ఏటవాలు ముడతలు పడ్డాయి, అదే గుర్తు. కింది ష్రౌడ్‌లు నడుమును వెనక్కి, పక్కలకు పట్టి ఉంచుతాయి కనుక వాటిని అర చుట్టు చొప్పున బిగిస్తూ వంపును 30 మి.మీ.కు దించాను, ముడతలు పోయాయి. తర్వాత స్తంభం వెనక గాడి దగ్గర కన్ను పెట్టి పైకి చూశాను. గాడి పక్కలకు వంకర లేకుండా ఒక్క గీతలా కనిపించాలి. కింది ష్రౌడ్‌లకు నేను శాతం లెక్క పెట్టుకోను. వంపు, నిటారు ఈ రెండే వాటి బిగువును నిర్ణయిస్తాయి.

ఒడ్డున చేసినదంతా సగం పనే. మిగతా సగం తెరచాపలు బరువు మోస్తున్నప్పుడు జరుగుతుంది. 12 నాట్ల గాలిలో, పడవ 15 నుంచి 20 డిగ్రీలు ఒరిగి, గాలికి ఎదురెక్కుతున్నప్పుడు గాలిచాటు వైపు పై ష్రౌడ్‌ను చూడాలి. అది అప్పుడే పట్టు వదలబోతున్నట్టు ఉండాలి. ఊగుతూ వేలాడితే బిగువు చాలదు. ప్రతి అలకూ స్తంభం అటూ ఇటూ కొట్టుకుంటుంది, తీగ కొసల్లోని లోహం అలసిపోతుంది. 15 శాతం దగ్గర ఇక్కడ తీగ చేతి వెడల్పంత ఊగింది. పక్కకు తిప్పి, గాలిచాటుకు వచ్చిన ష్రౌడ్‌ను ఒక చుట్టు బిగించి, మళ్లీ తిప్పి, రెండోదాన్ని ఒక చుట్టు. బరువు మోస్తున్న గాలివైపు టర్న్‌బకిల్‌ను ఎప్పుడూ తిప్పకూడదు, మరలు అతుక్కుపోయేది అక్కడే. మూడు చుట్లకు ఊగుడు ఆగింది. ఒడ్డుకొచ్చి కొలిస్తే 4 మి.మీ. సాగి ఉంది, 20 శాతం. వెనక్కి వాలిన స్ప్రెడర్ల పడవకు ఇది సరైన చోటే. ఇలాంటి పడవలో ఫోర్‌స్టే బిగువులో ఎక్కువ భాగం పై ష్రౌడ్‌ల నుంచే వస్తుంది. 25 శాతం దాటకూడదు.

ప్రతిసారీ గాడిలోంచి పైకి చూస్తూనే ఉండాలి. తల గాలిచాటుకు వాలితే పై ష్రౌడ్‌లు వదులు. తల నిలబడి నడుము గాలిచాటుకు పొంగితే కింది ష్రౌడ్‌లు వదులు. నడుము గాలివైపుకు పొంగితే కింది ష్రౌడ్‌లు ఎక్కువ బిగిశాయి. ఇక్కడ రెండోది కనిపించింది. కింది ష్రౌడ్‌లను ఇంకో అర చుట్టు బిగించాక స్తంభం నిటారైంది, ముందు వంపు మాత్రం 25 మి.మీ.కు తగ్గింది. ఒకటి సరిచేస్తే మరొకటి కదులుతుంది, ఇది తప్పు కాదు. అందుకే మూడుసార్లు తిరిగి చూడాల్సి వస్తుంది.

ఈ దశలో టిల్లర్ రెండు వైపులా సమానమైంది. ఎటు తిప్పినా కొస 110 మి.మీ. దగ్గరే, అంటే 7 డిగ్రీలు. ఇంతకు ముందు తేలిగ్గా ఉన్న వైపు కాస్త బరువెక్కిందన్నమాట. వాలు పోయి అసలు సమతూకం ఎంతో ఇప్పుడే కనిపించింది. చాలామంది ఇక్కడే తొందరపడి స్తంభాన్ని ముందుకు లాగుతారు. దానికంటే ముందు తెరచాపలు చూడాలి. ఎక్కువ ఒరిగితే ఏ పడవైనా గాలివైపు ఈడుస్తుంది. సంచిలా ఉబ్బిన పెద్ద తెరచాపా అలాగే ఈడుస్తుంది. బూమ్ (పెద్ద తెరచాప అడుగు అంచును పట్టే అడ్డ దూలం) కొస తాడు లాగి తెరచాప అడుగును చదును చేశాను. ముందు అంచును అడ్డ ముడతలు పోయేంత మాత్రమే బిగించాను, అది మించితే అంచు వెంబడి నిలువు మడత పడుతుంది. బ్యాక్‌స్టే లాగి స్తంభం పైభాగం వంచితే తెరచాప ఇంకా చదునైంది, ఫోర్‌స్టే కూడా బిగిసింది.

ఫోర్‌స్టే గురించి ఇంకొంచెం చెప్పాలి. గాలి బలానికి అది గాలిచాటుకు కుంగుతుంది. కుంగినకొద్దీ జిబ్ పొట్ట ముందుకు, లోతుగా చేరి, పడవ గాలికి దగ్గరగా ఎదురెక్కలేదు. పైగా ఒరుగుడు పెరుగుతుంది. జిబ్ ముందు అంచు వెంట పైకి చూస్తే ఆ కుంగుడు తెలుస్తుంది. పాత బిగింపుతో అది కంటికి కొట్టొచ్చినట్టు ఉండేది, 20 శాతం బిగువుతో సగానికి తగ్గింది. జిబ్ షీటు (జిబ్‌ను లాగే తాడు) కప్పీని కూడా ఇప్పుడే సరిచూశాను. మెల్లగా గాలివైపు తిప్పినప్పుడు జిబ్ ముందు అంచు దగ్గర అంటించిన దారాల్లో పైవి ముందుగా రెపరెపలాడితే కప్పీని ముందుకు జరపాలి, కింది దారాలు ముందైతే వెనక్కి. ఇవన్నీ అయ్యాక టిల్లర్ కొస 85 మి.మీ., సుమారు ఐదున్నర డిగ్రీలు.

మిగిలిన దానికే స్తంభం వెనక వాలు మార్చాను. తెరచాప తాడుకు చిన్న బరువు కట్టి, గాలి లేని పొద్దున స్తంభం అడుగు వెనక అది ఎంత దూరంలో వేలాడుతుందో కొలిస్తే వాలు తెలుస్తుంది. ఈ పడవలో ఫోర్‌స్టే 10 మి.మీ. మారితే స్తంభం తల దాదాపు 40 మి.మీ. కదులుతుంది. 30 మి.మీ. కురచ చేయాలనుకున్నాను, అంటే తల 120 మి.మీ. ముందుకు, కోణం దాదాపు 1 డిగ్రీ. టర్న్‌బకిల్‌లో అంత చోటు లేదు కనుక రంధ్రాల పలకలో పిన్ను మార్చాలి. పిన్ను తీసేముందు జిబ్ ఎత్తే తాడును ముందు కొసకు కట్టి గట్టిగా బిగించాను. అది లేకుండా ఫోర్‌స్టే పిన్ను తీస్తే స్తంభం వెనక్కి పడిపోతుంది. ష్రౌడ్ పలకలు స్తంభానికి వెనక ఉన్నాయి కాబట్టి తల ముందుకు వెళితే పై ష్రౌడ్‌లు బిగుస్తాయి. అందుకే ముందే వాటిని సమానంగా వదిలి, పిన్ను మార్చి, మళ్లీ 4 మి.మీ. సాగుడుకు తెచ్చి, టేపుతో మధ్యగీతను తిరిగి కొలిచాను.

తర్వాతి ప్రయాణంలో టిల్లర్ కొస 60 నుంచి 65 మి.మీ. మధ్య నిలిచింది, రెండు వైపులా. పలచని గాలిలో, 6 నాట్ల దగ్గర, ఈడ్పు దాదాపు సున్నా అయింది గానీ గాలిచాటుకు తిరగలేదు. ఇంకా ముందుకు లాగితే పలచని గాలిలో ముక్కు గాలిచాటుకు పోతుంది. చేయి వదిలితే గాలి నుంచి పారిపోయే పడవ ప్రమాదకరం కనుక అక్కడే ఆపాను.

చివరి పని పిన్నులు. ప్రతి టర్న్‌బకిల్‌లో స్ప్లిట్ పిన్ను పెట్టి, కాళ్లను కొద్దిగా, 20 డిగ్రీలకు మించకుండా విప్పాలి. పూర్తిగా మడిస్తే అవసరమైనప్పుడు తీయలేరు. పిన్ను కొసల మీద మాత్రమే ఒక చుట్టు టేపు చాలు. టర్న్‌బకిల్ మొత్తాన్ని టేపుతో కప్పేస్తే లోపల తేమ నిలుస్తుంది, గాలి తగలని స్టెయిన్‌లెస్ లోలోపలే గుంటలు పడుతూ తినబడుతుంది. కొత్త తీగలు వేసినవాళ్లు నాలుగైదు ప్రయాణాల తర్వాత మళ్లీ కొలవాలి, పోగులు సర్దుకుని బిగువు తగ్గుతుంది. పాత తీగలైనా సరే, మొదటి గట్టి గాలి తర్వాత నేను చూసినప్పుడు ఎడమ పై ష్రౌడ్ అర మి.మీ. వదులైంది. స్ప్రెడర్ కొస కొత్త కట్టులో సర్దుకున్నట్టుంది. రెండు పక్కలా పావు చుట్టు బిగించి, కొత్త కొలతలను టర్న్‌బకిల్ మరల లెక్కతో సహా స్తంభం అడుగున పెయింటు పెన్నుతో రాశాను.